ఏటీవీలో ముందు ఏది పోతుంది? రాళ్లదారికి బండి ఎంచుకునే పద్ధతి

ఏటీవీ, అంటే బైకు మీద కూర్చున్నట్టు కూర్చుని హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల బండి, కొనడానికి వెళ్లినవాళ్లు మొదట అడిగేది సీసీ ఎంత అని. రెండోది టాప్ స్పీడ్ ఎంత అని. రాళ్లూ బురదా గుంతలూ ఉన్న ట్రెయిల్ మీద నడపడానికే అయితే ఈ రెండు ప్రశ్నలూ చివర్లో అడిగినా నష్టం లేదు. అలాంటి దారుల్లో గంటకు పది పదిహేను కిలోమీటర్ల వేగం రావడమే గగనం. ఆ వేగంలో నాలుగొందల సీసీ ఇంజిన్‌కే చేతినిండా పని ఉండదు. పైగా ట్రెయిల్ మధ్యలో నిలిచిపోయిన బండ్లలో ఇంజిన్ పగిలి ఆగినవి అరుదు. బెల్టు కాలిపోయో, చక్రాన్ని తిప్పే యాక్సిల్ మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగి జాయింటు అరిగిపోయో, ఫిల్టర్‌ని దాటి దుమ్ము లోపలికి పోయో, చక్రం బేరింగులోకి నీళ్లు చేరో ఆగిపోతాయి.

అందుకే గట్టి ఏటీవీ ఏదో చెప్పమని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీరు తిరిగే దారిలో ముందు ఏ భాగం పోతుంది? పోయినప్పుడు దాన్ని అక్కడే సరిచేసుకోగలరా? ఈ రెండింటికీ జవాబు దొరికితే మోడల్ ఎంచుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. దొరక్కపోతే ఎంత ఖరీదైన బండి కొన్నా అది అదృష్టం మీద నడిచే బండే.

ముందుగా ఒక గందరగోళం తీర్చేసుకుందాం. ఏటీవీ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు రకాల బండ్లు అమ్ముతారు. యమహా రాప్టర్ 700, వైఎఫ్‌జడ్ 450ఆర్ లాంటివి స్పోర్ట్ క్వాడ్‌లు. తేలిగ్గా ఉంటాయి, వెనక చక్రాలకే డ్రైవ్, అదీ చైనుతో. ఇసుక దిబ్బల మీదా, రేస్ ట్రాక్ మీదా వీటితో ఉండే మజా వేరు. హోండా ఫోర్‌మన్, యమహా కోడియాక్, గ్రిజ్లీ, పొలారిస్ స్పోర్ట్స్‌మన్, కాన్-ఆమ్ అవుట్‌ల్యాండర్, సుజుకి కింగ్‌క్వాడ్ లాంటివి యుటిలిటీ రకం. ఫోర్ వీల్ డ్రైవ్, చైనుకి బదులు షాఫ్ట్, చాలావాటికి మెల్లగా, ఎక్కువ లాగుడుతో నడిపే లో గేర్, ముందూ వెనకా సామాను కట్టుకునే ర్యాకులు. రాళ్లదారికి కావలసింది ఈ రెండోది. చైను బురదలో ఎంత త్వరగా అరిగిపోతుందో చూసినవాళ్లెవరూ దీని మీద వాదించరు.

స్టీరింగ్ చక్రం, సీటు బెల్టులు ఉండి ఇద్దరు పక్కపక్కనే కూర్చునే సైడ్-బై-సైడ్ బండ్లు కూడా ఉన్నాయి. వాటి సంగతి వేరే. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. అమెరికా అటవీ భూముల్లో చాలా ట్రెయిళ్లకు 50 అంగుళాల వెడల్పు పరిమితి ఉంది. మామూలు ఏటీవీ 46 నుంచి 48 అంగుళాలు ఉండి అందులో పడుతుంది. సైడ్-బై-సైడ్‌లు ఎక్కువభాగం పట్టవు. ఏ దేశంలోనైనా చెట్ల మధ్య నడకదారి లాంటి ఇరుకు దారుల్లో తిరగాలనుకుంటే బండి వెడల్పు కొలిచి మరీ కొనాలి.

బెల్టా, గేర్లా?

మన్నిక విషయంలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇదే. చాలామంది దీన్ని అడగనే అడగరు.

ఎక్కువ ఏటీవీల్లో ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య సీవీటీ ఉంటుంది. రెండు పుల్లీలు, వాటిని కలుపుతూ ఒక వెడల్పాటి రబ్బరు బెల్టు. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ ముందు పుల్లీ బిళ్లలు దగ్గరకొచ్చి బెల్టుని అంచువైపు నెడతాయి. వెనక పుల్లీ బిళ్లలు విచ్చుకుని బెల్టు లోపలికి దిగుతుంది. మనం గేర్లు మార్చే పని లేకుండా నిష్పత్తి దానంతటదే మారిపోతుంది. ఎగుడుదిగుడు దారిలో రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి నడపగలగడం చిన్న సుఖం కాదు.

చిక్కల్లా బయల్దేరేటప్పుడు. చాలా కంపెనీల సీవీటీలో క్లచ్ పని కూడా ఆ బెల్టే చేస్తుంది. ఐడిల్‌లో ముందు పుల్లీ బెల్టుని వదిలేసి ఉంటుంది. బొటనవేలితో నొక్కే థ్రాటిల్ (యాక్సిలరేటర్) నొక్కితే పట్టుకుంటుంది. పట్టుకునే ఆ కాసేపూ బెల్టు జారుతుంది. చదును నేల మీద అది క్షణంలో అయిపోతుంది. అదే ముందు చక్రం పెద్ద రాయికి ఆనుకుని ఉన్నప్పుడు, హై గేర్‌లో, మెల్లగా థ్రాటిల్ ఇస్తూ ఎక్కించబోయారనుకోండి. ఇంజిన్ తిరుగుతూ ఉంటుంది, బండి కదలదు, ఆ శక్తంతా బెల్టు మీద ఒకేచోట వేడిగా మారుతుంది. కాలిన రబ్బరు వాసన మీ ముక్కుకి చేరేసరికి బెల్టు ఆ చోట పలచబడిపోయి ఉంటుంది. ఆ తర్వాత బయల్దేరిన ప్రతిసారీ బండి వణుకుతుంది. ఇంకొన్నాళ్లకి ఆ పలచబడ్డ చోటే తెగుతుంది.

దీనికి మందు చాలా చవక. లో గేర్. పది పదిహేను కిలోమీటర్ల వేగం దాటని చోట, ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు, బురదలో దిగబడినప్పుడు లో లోనే ఉండాలి. లో గేర్ వేస్తే వేగం తగ్గుతుందని దాని జోలికే వెళ్లనివాళ్లు చాలామంది ఉన్నారు. బెల్టులు నాసిరకంగా వస్తున్నాయని ఎక్కువగా తిట్టేదీ వాళ్లే.

బెల్టుతోనే వచ్చినా కొన్నిటి అమరిక వేరు. యమహా అల్ట్రామాటిక్‌లో ఇంజిన్‌కీ పుల్లీకీ మధ్య ఆయిల్‌లో మునిగి ఉండి, ఇంజిన్ వేగం పెరగగానే దానంతటదే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఒకటి విడిగా ఉంటుంది. బయల్దేరేటప్పుడు జారే పని ఆ క్లచ్‌ది. బెల్టు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. సుజుకి కింగ్‌క్వాడ్‌లోనూ ఇలాంటి ఏర్పాటే. ఇందులో ఇంకో లాభం ఉంది. థ్రాటిల్ వదిలినప్పుడు బెల్టు పట్టు వదలదు కాబట్టి దిగుడులో ఇంజిన్ బ్రేకింగ్ (ఇంజినే చక్రాల వేగాన్ని పట్టి ఉంచడం) నిలకడగా అందుతుంది. మిగతా కంపెనీలు కూడా వేరే పద్ధతుల్లో ఇంజిన్ బ్రేకింగ్ ఇస్తున్నాయి. కొన్ని మోడళ్లలో మాత్రం అది అసలు ఉండదు. నిటారైన దిగుళ్లు ఎక్కువున్న దారైతే ఇది కచ్చితంగా అడిగి తెలుసుకోవాల్సిన విషయం. వట్టి బ్రేకుల మీదే పొడవాటి దిగుడు దిగితే అవి వేడెక్కి పట్టు తగ్గుతుంది, గట్టిగా నొక్కితే చక్రాలు లాక్ అయ్యి బండి జారడం మొదలవుతుంది.

హోండా దారి పూర్తిగా వేరు. కారులో ఉన్నట్టు నిజమైన గేర్లు, వాటిని కాలితోనో బటన్‌తోనో మార్చుకోవచ్చు. కొన్ని మోడళ్లలో గేర్లని దానంతటదే మార్చే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ ఉంటుంది. బెల్టే లేదు కాబట్టి అది కాలడం, తడవడం, తెగడం అన్న మాటే లేదు. పొలాల్లో, పశువుల వెంట ఏళ్ల తరబడి పనిచేసిన పాత హోండాలు ఇంకా తిరుగుతూ కనిపించడానికి ఇదొక కారణం. ఊరికే వచ్చేది ఏదీ ఉండదుగా. రాళ్ల మధ్య అడుగడుగునా వేగం మారే చోట గేర్లు మార్చుకుంటూ నడపడం విసుగు. గేర్‌బాక్సు లోపల ఏదైనా పోయిందంటే ట్రెయిల్ మీద చేయగలిగింది కూడా ఏమీ లేదు. ఇంజిన్ విప్పాల్సిందే.

బెల్టు అలా కాదు. ట్రెయిల్ మీద మార్చుకోవచ్చు. ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. పక్కనున్న ప్లాస్టిక్ కవరు బోల్టులు ఎనిమిదో పదో విప్పాలి. వాటిలో ఒకటి రెండు ఫుట్‌రెస్టు వెనక, చెయ్యి దూరని చోట ఉంటాయి. బురద పట్టిన కవరుని తుడవకుండా తీస్తే ఆ బురదే పుల్లీల మీద పడుతుంది. వెనక పుల్లీని విచ్చదీయడానికి బండితో ఇచ్చిన చిన్న పనిముట్టు కావాలి. చాలామంది దాన్ని ఇంట్లో పెట్టెలోనే ఉంచేసి వస్తారు. తెగిన బెల్టు నూలుపోగులు పుల్లీ ఇరుసుకి చుట్టుకుని ఉంటే ఒక్కటి కూడా మిగలకుండా లాగేయాలి. లేకపోతే అవి ఆయిల్ కారకుండా ఆపే సీలులోకి దూరి దాన్ని కోసేస్తాయి. కొత్త బెల్టు మీద రాసిన అక్షరాలు ఏ వైపు చదవాలో మాన్యువల్లో ఉంటుంది, అలాగే ఎక్కించాలి. అలవాటున్నవాడికి ముప్పావు గంట పని. కొనేముందు షోరూమ్‌లోనే ఆ కవరు చుట్టూ చెయ్యి పోనిచ్చి చూడండి. బోల్టులన్నీ చేతికి అందితే ఆ బండి తయారుచేసినవాడు మీ గురించి ఆలోచించాడన్నమాట.

వెనక యాక్సిల్ గొడవ

రెండో పెద్ద నిర్ణయం వెనక సస్పెన్షన్. ఒకటి సాలిడ్ యాక్సిల్. వెనక రెండు చక్రాలనీ కలుపుతూ ఒకే ఇనుప కడ్డీ, దాన్ని మోసే స్వింగ్ ఆర్మ్. రెండోది ఇండిపెండెంట్ సస్పెన్షన్. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా పైకీ కిందికీ కదులుతుంది.

వాడకంలో ఇండిపెండెంట్ ఎంతో సుఖం. ఒక చక్రం రాయి ఎక్కినా రెండోది నేల వదలదు, నడుం అదరదు. నేలనుంచి ఎత్తు కూడా ఎక్కువ, సాధారణంగా 10 నుంచి 12 అంగుళాలు. సాలిడ్ యాక్సిల్ బండిలో మధ్యన డిఫరెన్షియల్ గుండు (యాక్సిల్‌ని తిప్పే గేర్ల పెట్టె) కిందికి వేలాడుతుంది కాబట్టి ఆ ఎత్తు ఆరేడు అంగుళాలకి పడిపోతుంది. గుండ్రాళ్ల మధ్య అదే తగులుతూ ఉంటుంది.

ఇప్పుడు రెండో వైపు లెక్క చూడండి. ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండికి నాలుగు చక్రాలకీ నాలుగు యాక్సిళ్లు. ఒక్కోదానికి రెండేసి సీవీ జాయింట్లు, అంటే చక్రం పైకీ కిందికీ కదిలినా, పక్కకి తిరిగినా శక్తి ఆగకుండా అందించే కీళ్లు. మొత్తం ఎనిమిది జాయింట్లు, వాటిమీద ఎనిమిది రబ్బరు బూట్లు. సాలిడ్ యాక్సిల్ బండికి వెనక ఆ జాయింట్లే లేవు. ముందువైపు నాలుగుంటాయి, అంతే. కొమ్మ గుచ్చుకుని చిరగడానికి బూట్లు సగమే ఉన్నాయన్నమాట.

బూటు చిరిగితే ఏమవుతుంది? వెంటనే ఏమీ కాదు. ప్రమాదం అక్కడే ఉంది. లోపలి గ్రీజు చక్రం తిరిగినప్పుడల్లా బయటికి చిమ్ముతుంది. ఇసుకా నీళ్లూ లోపలికి పోతాయి. మిగిలిన గ్రీజులో ఇసుక కలిసి ఆ ముద్ద స్టీలు గోళీలని, వాటి గాడులని నూరడం మొదలుపెడుతుంది. కొన్ని వారాలకి మలుపు తిప్పినప్పుడు టక టకమని శబ్దం వస్తుంది. శబ్దం వచ్చిందంటే బూటు మార్చి లాభం లేదు, జాయింటు పోయినట్టే. అదే చిరిగిన రోజే చూసుకుంటే కొత్త బూటు, కొత్త గ్రీజు, రెండు క్లాంపులతో పోయేది. రైడ్ ముగిశాక ఎనిమిది బూట్ల ముడతల్లోనూ వేలు పెట్టి తిప్పి చూడటం రెండు నిమిషాల పని. చక్రం లోపలివైపు అంచు మీద గ్రీజు మరక కనిపిస్తే అక్కడ తప్పకుండా చిరుగు ఉంటుంది.

యాక్సిల్ విరగడం ఎప్పుడు జరుగుతుందో కూడా తెలుసుకోవాలి. నేరుగా వెళ్తున్నప్పుడు సీవీ జాయింట్లు చాలా బలంగా ఉంటాయి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు జాయింటు కోణం ఎక్కువై అది బలహీనపడుతుంది. ఆ స్థితిలో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి చక్రాలు ఉత్తుత్తిగా గిరగిరా తిరుగుతుండగా ఒక్కసారిగా రాయి పట్టు దొరికిందా, అంతే. టప్పుమంటుంది. అది లోహం నాణ్యత తక్కువై జరిగింది కాదు, బొటనవేలు ఆగకపోవడం వల్ల జరిగింది.

నా మొగ్గు చెప్పాలంటే, రాళ్లూ వేర్లూ ఉన్న ట్రెయిల్ కోసమే కొనేవాళ్లకి ఇండిపెండెంట్ సస్పెన్షనే మేలు. మనిషి అలిసిపోయి చేసే తప్పులు బండిని ఎక్కువ పాడుచేస్తాయి కాబట్టి. సర్వీసింగ్ దగ్గర్లో దొరకదు, బండి రోజూ బరువు మోయాలి, చూసుకునేంత ఓపిక లేదు అనుకునేవాళ్లకి సాలిడ్ యాక్సిల్ నమ్మకం. వెనక ర్యాకు మీద ఎంత బరువు వేసినా సాలిడ్ యాక్సిల్ కింద ఎత్తు తగ్గదు. ఇండిపెండెంట్‌లో బరువుకి బండి కుంగి ఎత్తు తగ్గిపోతుంది. అడ్డవాలు నేలమీద నడిచేటప్పుడు సాలిడ్ యాక్సిల్ బండి పక్కకి ఒరగడం కూడా తక్కువే.

దుమ్ము, నీళ్లు

బురద అంటే భయపడేవాళ్లు దుమ్ముని పట్టించుకోరు. ఇంజిన్ల మీద దుమ్ము చేసే నష్టమే ఎక్కువ. ఎండాకాలం ట్రెయిల్‌లో ముందు బండి వెనకాలే వెళ్తుంటే సన్నటి ధూళిని ఇంజిన్ గంటల తరబడి పీలుస్తుంది. ఫిల్టర్ ఎక్కడైనా సరిగ్గా కూర్చోకపోయినా, ఫోమ్ మీద ఆయిల్ ఆరిపోయినా ఆ ధూళి సిలిండర్‌లోకి చేరి పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది. కంప్రెషన్ తగ్గుతుంది, పొగ మొదలవుతుంది. అప్పుడు టాప్ ఎండ్, అంటే సిలిండరూ పిస్టనూ ఉండే ఇంజిన్ పై భాగం, విప్పడం తప్పదు.

కొనేటప్పుడు చూడాల్సింది, గాలి ఫిల్టర్ ఉండే ఎయిర్ బాక్స్ మూత పనిముట్లు లేకుండా తీయగలమా అని. క్లిప్పులతో వచ్చే మూతనైతే జనం తరచు తీసి చూస్తారు. సీటు తీసి, ప్లాస్టిక్ విప్పి, అప్పుడు నాలుగు స్క్రూలు తీయాల్సి వస్తే వచ్చేవారం చూద్దాంలే అనుకుంటారు. మనిషి బద్ధకాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫోమ్ ఫిల్టర్ని కడిగాక మెలితిప్పి పిండకూడదు, అరచేతుల మధ్య నొక్కి పిండాలి. లేకపోతే అతుకులు ఊడతాయి. ఫిల్టర్ ఆయిల్ రాశాక అంచు చుట్టూ పలచగా గ్రీజు పూస్తే సందుల్లోంచి దుమ్ము దూరదు. వేలితో బాక్స్ లోపల, ఫిల్టర్ దాటిన వైపు తుడిచి చూడండి. వేలికి ఏమీ అంటకూడదు.

నీళ్ల దగ్గర మూడు దార్లున్నాయి. ఇంజిన్ గాలి పీల్చే దారి, సీవీటీ చల్లబడటానికి గాలి పీల్చే దారి, డిఫరెన్షియల్ ఊపిరి గొట్టం. మొదటి రెండూ ఎంత ఎత్తులో ఉన్నాయో అందరూ చూస్తారు. మూడోది ఎవరికీ గుర్తుండదు. గంటసేపు నడిచిన డిఫరెన్షియల్ వేడిగా ఉంటుంది. చల్లటి ఏట్లోకి దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి బయటినుంచి పీల్చుకుంటుంది. ఊపిరి గొట్టం పై కొస నీళ్లకి పైన ఉంటే గాలి పీలుస్తుంది, కింద ఉంటే నీళ్లు. సీళ్లు పాతబడి ఉంటే వాటి గుండా కూడా లాగుతుంది. తర్వాత డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో దిగుతుంది. ఆ ఆయిల్‌తో నడిపిన ప్రతి కిలోమీటరూ గేర్లకి చేటు.

సీవీటీలోకి నీళ్లు పోతే కథ అంత విషాదం కాదు. ఇంజిన్ రొద పెడుతుంది, బండి కదలదు. పెట్టె కింద ఉండే డ్రెయిన్ ప్లగ్ తీసి నీళ్లు వదిలేసి, న్యూట్రల్‌లో పెట్టి కాసేపు ఇంజిన్ తిప్పితే బెల్టు ఆరిపోతుంది. ఆ ప్లగ్ అసలుందో లేదో, ఉంటే ఎక్కడుందో కొనేరోజే చూపించమనండి.

రేడియేటర్ గురించి ఒక్క మాట. బురద దాని రెక్కల మధ్య ఎండిపోతే ఇంజిన్ వేడెక్కుతుంది. దాన్ని ప్రెషర్ వాషర్‌తో దగ్గర్నుంచి కొడితే ఆ రెక్కలు వంగి ఇంకా మూసుకుపోతాయి. మెల్లటి ధారతో, ఇంజిన్ వైపునుంచి బయటికి కడగాలి. చక్రాల బేరింగుల మీద కూడా ఆ ప్రెషర్ గన్ పెట్టకండి. ఏరు దాటినప్పుడు లోపలికి పోని నీళ్లు కూడా ఆ దెబ్బకి సీలు దాటి పోతాయి.

బ్రేకుల్లో బురదకి తట్టుకునేవి ఆయిల్ నిండిన పెట్టెలో మూసి ఉండే మల్టీ డిస్క్ రకం. కింగ్‌క్వాడ్ లాంటి కొన్నిట్లో వెనక అవే వస్తాయి. బయటికి కనిపించే డిస్కుల్లో బురద చేరితే ప్యాడ్లు త్వరగా అరిగిపోతాయి. మార్చుకోవడం మాత్రం తేలిక.

టైర్ల మాయ

చక్కటి బండి కొని, వారంలోనే పెద్ద టైర్లు వేయించి, ఆరు నెలల్లో దాన్ని పాడుచేసుకున్నవాళ్లు తక్కువేం లేరు. టైరు మీద 26×9-14 అని ఉంటే బయటి వ్యాసం 26 అంగుళాలు, వెడల్పు 9, రిమ్ము 14. ఇరవై అయిదు అంగుళాల టైరు తీసి ఇరవై ఎనిమిదిది వేస్తే నేలనుంచి ఎత్తు పెరిగేది అంగుళంన్నర మాత్రమే. గేరింగ్ మాత్రం 12 శాతం పెరిగిపోతుంది. అంటే ప్రతి గేరూ అంతమేర బరువెక్కినట్టే. బెల్టు అంత ఎక్కువ జారుతుంది, యాక్సిల్ మీద అంత ఎక్కువ మెలిక పడుతుంది, బరువైన టైరుని ఆపడానికి బ్రేకు ఇంకా కష్టపడుతుంది. బురద గుంటల్లోనే తిరిగేవాళ్లకి పెద్ద టైర్ల అవసరం ఉంది. వాళ్లు క్లచ్ స్ప్రింగులు, వెయిట్లు కూడా దానికి తగ్గట్టు మార్పించుకుంటారు. రాళ్లదారికి కంపెనీ ఇచ్చిన సైజు, లేదా ఒక అంగుళం ఎక్కువ, చాలు.

సైజు పెంచే డబ్బు టైరు గట్టిదనం మీద పెట్టడం తెలివైన పని. 6 ప్లై రేటింగ్ (టైరు పొరల గట్టిదనం లెక్క) ఉన్నదైతే పక్క గోడలు రాతి అంచులకి తట్టుకుంటాయి. బండితో వచ్చేవి తరచు అంతకంటే పలచనివి. గాలి ఎంత ఉండాలన్నది కూడా సున్నితమైన లెక్క. ఏటీవీ టైర్లలో మామూలుగా 5 నుంచి 7 పీఎస్ఐ ఉంటుంది. అయిదుకి ఒక్క పీఎస్ఐ తేడా అంటే 20 శాతం తేడా. కారు గేజీ మీద ఆ అంకె సరిగ్గా కనిపించనే కనిపించదు. తక్కువ ప్రెషర్ గేజీ వేరేగా అమ్ముతారు, అది కొనుక్కోవాలి. దాంతోపాటు ప్లగ్గుల కిట్, చేతిపంపు సీటు కింద పడి ఉంటే పంక్చర్ పెద్ద టెన్షన్ కాదు.

బరువు, పట్టు, స్టీరింగ్

అయిదు నుంచి ఏడొందల సీసీ ఏటీవీలు ఎక్కువగా మూడొందల కిలోల అటూ ఇటూ తూగుతాయి. వెయ్యి సీసీవి నాలుగొందలకి దగ్గరపడతాయి. ఈ వంద కిలోల తేడా చదును మీద తెలియదు. రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్న బండిని వెనక పట్టుకుని పక్కకి జరపాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. పక్కకి ఒరిగి మీదికొస్తున్నప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. ఒంటరిగా తిరిగేవాళ్లకి నేను ఎప్పుడూ మధ్యరకం ఇంజిన్లే చెబుతాను.

ఒరగడం అన్నది ఈ బండ్ల చరిత్రలోనే ఉంది. 1970లో హోండా అమ్మడం మొదలుపెట్టినవి మూడు చక్రాల బండ్లు. నాలుగు చక్రాలది సుజుకి 1982లో తెచ్చింది. మలుపుల్లో మూడు చక్రాలవి సులువుగా తిరగబడుతున్నాయన్న గొడవ పెరిగి, 1988లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీలు అక్కడ వాటి అమ్మకం ఆపేశాయి. నాలుగో చక్రం వచ్చినంత మాత్రాన ఒరగడం మాయమైపోలేదు. ర్యాకుల మీద ఎత్తుగా సామాను కట్టినా, ఒక్కరు ఎక్కాల్సిన బండి మీద ఇద్దరు ఎక్కినా అదే ప్రమాదం.

ఫోర్ వీల్ డ్రైవ్ అని స్టిక్కరు ఉన్న ప్రతి బండీ ఒకేలా పనిచేయదు. పొలారిస్ పద్ధతిలో వెనక చక్రాలు జారగానే ముందు రెండూ అందుకుంటాయి, అవసరం తీరగానే వదిలేస్తాయి. కాన్-ఆమ్ వాడే విస్కో-లాక్‌కి ముందు చక్రం కాస్త జారితేనే రెండోదానికి శక్తి పంపాలని తెలుస్తుంది. యమహా గ్రిజ్లీ లాంటివాటిలో టూ వీల్, ఫోర్ వీల్, పూర్తి డిఫ్ లాక్ (ముందు రెండు చక్రాలనీ కలిపి ఒకేలా తిప్పడం) మూడూ బటన్ మీద ఉంటాయి. రాళ్ల మీద ఒక చక్రం గాల్లో తేలే సందర్భాలు ఎక్కువ కాబట్టి, జారకముందే పట్టు ఇచ్చే డిఫ్ లాక్ ఉంటే మెల్లగా, థ్రాటిల్ ఒక్కసారిగా గట్టిగా నొక్కకుండా ఎక్కేయొచ్చు. పైన చెప్పిన యాక్సిల్ విరిగే పరిస్థితే రాదు. లాక్ వేసినప్పుడు స్టీరింగ్ బరువెక్కుతుంది. అక్కడ పవర్ స్టీరింగ్ అక్కరకొస్తుంది. 2007 గ్రిజ్లీ 700తో ఇది ఏటీవీల్లోకి వచ్చింది. మొదట్లో నేను దీన్ని సోకు అనుకునేవాణ్ని. రాయి తగిలి హ్యాండిల్ మణికట్టుని విరిచేసేలా తిరగబోయినప్పుడు అది అడ్డుకోవడం చూశాక ఆ మాట అనలేను.

పొట్ట కింద ప్లాస్టిక్ పలక ఉంటే రాళ్లు తగలని దారికి చాలు. గుండ్రాళ్ల దారికి మందపాటి స్కిడ్ ప్లేటు, చక్రాన్ని ఫ్రేముకి కలిపే ఏ-ఆర్మ్‌లకీ సీవీ బూట్లకీ గార్డులు వేయించండి. ఏ-ఆర్మ్‌నే మహా లావుగా మార్పించుకోవడం మాత్రం నాకు నచ్చదు. చక్రం బండరాయిని గుద్దినప్పుడు ఏదో ఒకటి వంగి తీరాలి. స్టీరింగ్‌ని చక్రానికి కలిపే సన్నటి టై రాడ్ వంగితే రాళ్ల మధ్య పెట్టి మళ్లీ తిన్నగా చేసుకుని ఇంటికి రావొచ్చు. ఆర్మ్ వంగినా మార్చుకోవచ్చు. ఆ రెండూ వంగకుండా దెబ్బ ఫ్రేములోకి వెళ్లి అక్కడి వెల్డింగ్ చీలితే అది చేతిలో పని కాదు.

పాత బండి చూసేటప్పుడు

కొత్త బండి కంటే చక్కగా చూసుకున్న పాత బండి మేలయ్యే సందర్భాలున్నాయి. మీటర్ మీద కిలోమీటర్లే కాక ఇంజిన్ గంటలు కూడా ఉంటాయి. రెండూ కలిపి చదవాలి. 500 గంటలకి 4,000 కిలోమీటర్లంటే సగటు గంటకు ఎనిమిది. మెల్లగా, బరువులు లాగుతూ, లేదా బురదలో గడిపిన జీవితం అది. బెల్టు, క్లచ్, ఫ్యాన్ చూడండి. 200 గంటలకి 6,000 కిలోమీటర్లంటే సగటు ముప్పై. ఎవరో దాన్ని పరిగెత్తించారు. సస్పెన్షన్ కీళ్లలోని బుష్‌లు (అరుగుదల తట్టుకునే తొడుగులు), బాల్ జాయింట్లు చూడండి.

చక్రాన్ని నేలనుంచి లేపి పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపితే బేరింగో బాల్ జాయింటో వదులైన సంగతి చేతికే తెలుస్తుంది. ముందూ వెనకా డిఫరెన్షియళ్ల ఆయిల్ ఒక చుక్క తీసి రంగు చూడాలి. ఏ-ఆర్మ్ ఫ్రేముకి కలిసే చోట్ల కొత్త పెయింటు కనిపిస్తే గీకి చూడాలి. అమ్మేవాడికి ముందే ఫోన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచమనండి. వెళ్లగానే సైలెన్సర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే, చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో మీకు తెలియకూడదని అతను అనుకున్నాడు.

చివరగా దాన్ని ఒక నిటారు దిగుడు దగ్గరికి తీసుకెళ్లి, లో గేర్‌లో, ఫోర్ వీల్ వేసి, బ్రేకు మీద వేళ్లు సిద్ధంగా ఉంచి, థ్రాటిల్ పూర్తిగా వదిలేసి దిగండి. ఇంజిన్ పట్టి ఉంచుతుందా, నడుమ వదిలేస్తుందా, చక్రాల దగ్గర శబ్దాలొస్తున్నాయా వినండి. కింద ఆపి, వెనక్కి తిప్పి, హ్యాండిల్ అటు చివరికీ ఇటు చివరికీ తిప్పుతూ అదే దారిలో మెల్లగా పైకి ఎక్కండి. టక టక వినిపిస్తే ఎన్ని జాయింట్లు మార్చాలో లెక్కేసి, ఆ ఖర్చు తగ్గించి బేరం మొదలుపెట్టండి.